డాక్టరు ఫోన్‌లోకి వచ్చారు, మన భాష వచ్చిందా?

సోలాపూర్, భివండీ మరమగ్గాల వాడల్లో, బరంపురం వీధుల్లో, చెన్నై నగరాన్ని ఊడ్చి శుభ్రం చేసే మన ఆది ఆంధ్రుల క్వార్టర్లలో, కోలారు బంగారు గనులు మూతపడ్డాక తెల్లవారుతూనే రైలెక్కి బెంగళూరు పనులకు పోయే ఇళ్ళలో మనం తరాలుగా ఉంటున్నాం. అక్కడి భాష మనకు రాకపోవడమన్నది లేదు. బజారులో, బళ్ళో, రేషన్ షాపు దగ్గర తడుముకోకుండా మాట్లాడతాం. కానీ “గుండెల్లో ఊరికే గాభరాగా ఉంటోంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, ఇంట్లో అందరికీ బరువైపోయాననిపిస్తోంది” అని చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఆ భాష చాలదు. నోటికి వచ్చేది “తలనొప్పి” అన్న ఒక్క మాట. డాక్టరు గారు తలనొప్పి బిళ్ళ రాసి పంపిస్తారు.

ఒంటి వైద్యంలో భాష రాకపోయినా కొంత పని జరుగుతుంది. జ్వరాన్ని థర్మామీటరు చెబుతుంది, విరిగిన ఎముకను ఎక్స్‌రే చూపిస్తుంది. మనసు వైద్యంలో రోగి చెప్పే మాటే పెద్ద పరీక్ష. డిప్రెషన్ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు. అందుకే మానసిక వైద్యంలోకి కొత్తగా వస్తున్న పరికరాల గురించి, ఫోను సేవల గురించి, యాప్‌ల గురించి అందరూ “ఎంత గొప్పగా పనిచేస్తాయి?” అని అడుగుతుంటే, పొరుగు రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్ళుగా మేము ఇంకో ప్రశ్న అడగాలనుకుంటున్నాం. ఇవి ఎవరి మాట వింటాయి?

కొత్తవాటి మాట ఎత్తే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన పెద్దలకు పిచ్చాసుపత్రి అంటే గొలుసులు, కరెంటు షాకులు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1938లో రోమ్‌లో మొదలైన విద్యుత్ చికిత్సను చాలాకాలం మత్తు ఇవ్వకుండానే చేశారు. తర్వాత మందులు వచ్చాయి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు లిథియం ఉపయోగాన్ని గుర్తించారు. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలైంది. ఏళ్ళ తరబడి గోడల మధ్య ఉన్నవాళ్ళు ఇంటికి తిరిగి రావడానికి దారి చూపిన టెక్నాలజీల్లో ఈ చిన్న మాత్రలది పెద్ద పాత్ర. ఇప్పుడు విద్యుత్ చికిత్స కూడా మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేయాల్సిందే. అవి లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అదే సెక్షన్ 95లో ఇంకో మాట ఉంది: మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు.

ఆ మాట చట్టంలోకి రావడం వెనుక ఎన్నో ప్రాణాలున్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. దైవశక్తితో నయమవుతుందని బంధువులే తెచ్చి వదిలిన మనుషులు వాళ్ళు. అది ఫలానా మతంవాళ్ళ చోటు కదా అని మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మన స్వస్థత కూటాల్లో, మన ప్రార్థన మందిరాల్లో రోగిని కట్టేయడం, దయ్యం పేరుతో కొట్టడం, ఉపవాసమని చెప్పి మాత్రలు మాన్పించడం జరగడం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని ఎంతమంది దైవసేవకులు చెప్పగలరు? మార్కు సువార్త ఐదో అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగే మనిషికి గొలుసులు వేసింది ఊరివాళ్ళు. యేసు ప్రభువు అతనిని పేరు అడిగారు. ఆ భాగం మీద ప్రసంగాలు మనకు కొత్తకాదు. దయ్యం గురించి గంట మాట్లాడతాం, గొలుసుల గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడం.

మందులు వచ్చినా డాక్టర్లు రాలేదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. లక్ష మంది జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. ఈ కొరతకు జవాబు వెతికిన పనులు కొన్ని మన కళ్ళ ముందే, మనం ఉండే నేల మీదే జరిగాయి. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

మొదటిది బళ్ళారి. తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఆ జిల్లాలో 1980ల నడుమ నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. మానసిక వైద్యుడు ప్రతి ఊరికీ వెళ్ళలేడు కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మామూలు డాక్టరుకు, ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇచ్చారు. ముఖ్యమైన కొన్ని మందులను అక్కడే ఉంచారు. 1996లో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా ఈ బళ్ళారే. ఇవాళ జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం, ఉచితంగా మాత్రలు ఉన్నాయంటే దాని మూలం అక్కడుంది.

రెండోది తమిళనాడు పుదుక్కోట్టై. స్కిజోఫ్రీనియా రోగుల కోసం డాక్టర్ శారదా మీనన్ 1984లో చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, 2010 నుంచి ఆ జిల్లా పల్లెలకు ఒక బస్సును నడిపింది. రోగి, ఇంటివాళ్ళు బస్సులో కూర్చుంటే తెర మీద చెన్నై డాక్టరు కనబడతారు. మందులిచ్చే చోటు కూడా ఆ బస్సులోనే. తెర మీద మాట్లాడి చీటీ రాసి వదిలేస్తే మందు ఎక్కడ కొనాలి, ఎవరు తెస్తారు అన్న కష్టం మిగిలిపోతుంది. బస్సును తయారుచేసినవాళ్ళకు పేదవాడి ఇబ్బంది తెలుసు.

మూడోది మనకు ఇంకా దగ్గరిది. పశ్చిమ గోదావరి జిల్లాలో, గిరిజన గ్రామాలు కూడా కలుపుకుని, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి నిద్ర, ఆకలి, దిగులు, ఆందోళన గురించి వరుసగా ప్రశ్నలు అడగాలి. జవాబులను బట్టి ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో టాబ్లెట్ చెబుతుంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నదానిలో ఆరోగ్య కేంద్రం డాక్టరుకు కూడా అదే సాయం చేస్తుంది. 30 గిరిజన గ్రామాల్లో 5 వేల మందిని అడిగితే 238 మందికి లక్షణాలున్నట్టు తేలింది. అంతకుముందు వాళ్ళలో మానసిక వైద్యం అందినది ఇద్దరికి మాత్రమే. తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్ళినవాళ్ళు 30 మంది.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవచ్చు. ఇద్దరి నుంచి ముప్పై మందికి పెరగడం చిన్న సంగతి కాదు. కానీ తమకు జబ్బుందని తెలిసి, ఎక్కడికి వెళ్ళాలో చెప్పించుకుని కూడా రెండు వందల మందికి పైగా కదలలేదు. టాబ్లెట్ వాళ్ళను గుర్తుపట్టగలిగింది కానీ ఆ రోజు కూలిని ఇవ్వలేదు. “ఫలానావాళ్ళ కోడలికి పిచ్చట” అనే నోళ్ళను మూయించలేదు. మాకు ఇందులో కనబడే అసలు విషయం ఇంకొకటి ఉంది. ఆ ఊరి ఆశాకు ఆ ఊరి మాట తెలుసు. “నరాల బలహీనత”, “ఒళ్ళంతా మంటలు”, “మనసు మనసులో లేదు”, “గాలి సోకింది” అనే మాటల వెనుక ఏముందో ఆమె పట్టుకోగలదు. పరికరం బాగా పనిచేసిందంటే దాన్ని పట్టుకున్న చెయ్యి ఆ ఊరిది కాబట్టి.

ఇప్పుడు 14416 దగ్గరకు వద్దాం. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి కేంద్రం. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, పేరు చెప్పాలన్న బలవంతం లేదు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. అవసరమైతే పై స్థాయిలోని మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, దగ్గర్లోని ఆసుపత్రికి పంపుతారు. 2024 అక్టోబరులో దీనికి యాప్ కూడా వచ్చింది. 2025 నాటికి ఈ నంబరుకు 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. నగరంలో ఒక్కసారి ప్రైవేటు మానసిక వైద్యుణ్ణి కలవాలంటే మనవాళ్ళకు రెండు మూడు రోజుల కూలి పోతుంది. అలాంటిది ఈ సేవ ఉచితం. మాకు దీని మీద మంచి అభిప్రాయమే ఉంది. ఈ నంబరు ప్రతి సంఘం గోడ మీద, సండే స్కూలు గదిలో, యూత్ వాట్సాప్ గ్రూపులో ఉండాలని కోరుతున్నాం.

అయితే ఒక చిక్కుంది. ఈ సేవ 20 భాషల్లో అందుతుందని ప్రభుత్వం చెబుతుంది. ఆ వాక్యంలోనే ఇంకో ముక్క కూడా ఉంటుంది: రాష్ట్రాలు ఎంచుకున్న భాషలను బట్టి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో తెలుగు దొరుకుతుంది, అందులో అనుమానం లేదు. రాయగడలో, గుణుపురంలో ఉన్న తెలుగు తల్లికో? సోలాపూర్‌లో మగ్గం మీద రాత్రి షిఫ్టు చేసే అన్నకో? హోసూరులో, చెన్నైలో? యానాం మనదే, అక్కడ తెలుగే అంటాం కానీ, పరిపాలన పుదుచ్చేరి నుంచి నడుస్తుంది. ఆ రాష్ట్రాల కేంద్రాల్లో తెలుగు తెలిసిన కౌన్సెలర్లను ఎంతమందిని పెట్టారు? రాత్రి షిఫ్టులో ఒక్కరైనా ఉంటారా? అర్ధరాత్రి తెగించి ఫోను చేసిన మనిషికి అవతల నుంచి తనకు సగమే అర్థమయ్యే భాష వినిపిస్తే ఆ మనిషి రెండోసారి ఫోను చేయడు.

ఇది దయతో ఇవ్వాల్సింది కాదు. 2017 చట్టం సెక్షన్ 22 ప్రకారం, మానసిక రోగికి తన జబ్బు ఏమిటో, ఏ వైద్యం చేయబోతున్నారో తెలుసుకునే హక్కుంది. ఆ సమాచారాన్ని తనకు అర్థమయ్యే భాషలో పొందే హక్కు కూడా ఉందని చట్టం రాసింది. సెక్షన్ 18 కులం, మతం, లింగం, వర్గం లాంటి వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కునిస్తుంది. పొరుగు రాష్ట్రాల్లో భాషాపరంగా కూడా, మతపరంగా కూడా, చాలామందిమి కులపరంగా కూడా అంచున ఉన్న మనం ఈ రెండు సెక్షన్లను జేబులో పెట్టుకుని తిరగాలి. సెక్షన్ 115ను కూడా. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చట్టం చూస్తుంది, శిక్షించదు, పైగా సాయం అందించాల్సిన బాధ్యతను ప్రభుత్వం మీద పెడుతుంది. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

ఇక మన యౌవనస్థులు. వాళ్ళు 14416కి కూడా చేయరు. రాత్రి ఒంటి గంటకు ఫోన్‌లో చాట్‌బాట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తూ తమ బాధ చెప్పుకుంటారు. దానికి విసుగు రాదు, ముఖం చిట్లించదు, కులం అడగదు. ఇందుకు వాళ్ళను తిట్టడానికి మాకు నోరు రాదు. కానీ రెండు సంగతులు తెలిసి ఉండాలి.

2023లో అమెరికాలో, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలతో బాధపడేవారి కోసం పనిచేసే ఒక జాతీయ సంఘం టెస్సా అనే చాట్‌బాట్‌ను ఆపేయాల్సి వచ్చింది. బరువు తగ్గాలన్న పిచ్చిలో తిండి మానేసి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళకు అది బరువు తగ్గే చిట్కాలు చెప్పింది. యంత్రానికి మాటలు తెలుసు, ఆ మాటలు ఎవరికి చెబుతున్నానన్నది తెలియదు. 2025 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రం కృత్రిమ మేధ తనంతట తాను మానసిక చికిత్స చేయడాన్ని నిషేధిస్తూ చట్టమే తెచ్చింది.

రెండో సంగతి రహస్యం గురించి. బెటర్‌హెల్ప్ అనే అమెరికా ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ, తన దగ్గరకు వచ్చినవారి ఈమెయిళ్ళను, వాళ్ళు నింపిన ఆరోగ్య ప్రశ్నల సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకు ప్రకటనల కోసం ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో తేల్చింది. 78 లక్షల డాలర్లు కట్టాలన్నది. ఆ కంపెనీ క్రైస్తవుల కోసం ప్రత్యేకంగా నడిపిన సేవ పేరు ఫెయిత్‌ఫుల్ కౌన్సెలింగ్. నమ్మకమైనది అని పేరు పెట్టుకున్న చోట కూడా విశ్వాసి బాధ సరుకైపోయింది. యాప్ మీద సిలువ బొమ్మ ఉంది, బైబిలు వచనం ఉంది అని నమ్మి అన్నీ నింపకండి. ఎవరు నడుపుతున్నారు, అవతల ఉన్నది మనిషా యంత్రమా, చెప్పింది ఎక్కడ దాస్తారు అని అడగండి.

కంపెనీలను అని ఊరుకుంటే సరిపోదు. మన సంఘాల్లో రహస్యం ఎలా పోతుందో మనకు తెలుసు. ఒక చెల్లెలు ఏడుస్తూ చెప్పుకున్న మాట ఆదివారానికి “ప్రార్థన మనవి” అవుతుంది. “పేరు చెప్పను గానీ” అని మొదలుపెట్టి, ఆమె ఎవరో అందరికీ తెలిసేలా చెబుతారు. సెక్షన్ 23 కింద వైద్యుడు రోగి రహస్యాన్ని కాపాడాలి. మన పిల్లలు యంత్రం దగ్గరకు పోవడానికి పెద్ద కారణం ఏమిటని మమ్మల్ని అడిగితే ఈ ప్రార్థన మనవుల పేరే చెబుతాం. “నీకు విశ్వాసం తక్కువైంది” అన్న తీర్పు రెండో కారణం. బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్న ఏలీయాను దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. షుగరు మాత్ర వేసుకునే పాస్టరు గారు డిప్రెషన్ మాత్ర వేసుకునే తమ్ముణ్ణి అవిశ్వాసి అనడం ఏ వాక్యానికీ నిలబడదు.

ఖర్చు లేకుండా సంఘం చేయగలిగినది ఒకటుంది. ఒంటి గది ఇల్లు, ఆరుగురు మనుషులు, ఒకే ఫోను, అది కొడుకు చేతిలో. అత్త ముందు, భర్త ముందు కూర్చుని ఏ కోడలు 14416కి తన బాధ చెప్పుకోగలదు? వారం రోజులూ తాళం వేసి ఉండే మన సండే స్కూలు గదిని రోజుకు గంట తెరిచి ఉంచితే, తలుపు వేసుకుని మాట్లాడుకునే చోటు ఆమెకు దొరుకుతుంది. బయట కూర్చోవడానికి ఒక నమ్మకస్తురాలైన అక్క చాలు. ఏం మాట్లాడావని అడగకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్ళమని ఫోన్‌లో చెబితే జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్ళడం, ఆ రోజు కూలి పోతే కానుకల్లోంచి సర్దడం కూడా పరిచర్యే. మాత్రలు మొదలయ్యాక తగ్గిందనిపించగానే ఆపేయకూడదు, డాక్టరును అడిగే ఆపాలి. లిథియం వాడేవాళ్ళకు డాక్టరు చెప్పిన వేళకు రక్తపరీక్ష చేయించాలి. ఉపవాస ప్రార్థనకు పిలిచే ముందు “ఏవైనా మందులు వాడుతున్నారా” అని అడగడం ప్రతి కాపరికీ అలవాటు కావాలి.

మిగిలింది సంఘం గోడల బయటి పని. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరి ఆరోగ్య శాఖలను మా అసోసియేషన్ తరఫున సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగబోతున్నాం: మీ టెలి మానస్ కేంద్రంలో ఏయే భాషలు ఎంచుకున్నారు, తెలుగు తెలిసిన కౌన్సెలర్లు ఎందరు, రాత్రి వేళ ఎందరు. ఒడిశా దరఖాస్తు ఒడియాలో, మహారాష్ట్రది మరాఠీలో రాయగల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కావాలి. జిల్లా మానసిక ఆరోగ్య విభాగం మీ ఊళ్ళో ఏ రోజు పనిచేస్తుందో, అక్కడ తెలుగు మాట్లాడేవారు ఉన్నారో లేదో మీరు వెళ్ళి తెలుసుకుని మాకు రాయండి. లైను బాధలో ఉన్నవాళ్ళది కాబట్టి, పరీక్షించడానికని ఊరికే 14416కి చేయకండి. నిజంగా అవసరపడి చేసినవాళ్ళు ఏ జిల్లా నుంచి చేశారు, ఏ వేళకు చేశారు, తెలుగు దొరికిందా లేదా అన్నది రాస్తే చాలు. ఎందుకు చేశారో, మీ పేరేమిటో మాకు అక్కర్లేదు.